భావయిత్రి: ప్రతిభను చూడగల ప్రతిభ

రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో ప్రతిభను రెండు విధాలుగా విభజించాడు. కవికి ఉపకరించేది కారయిత్రి. ఆ కవిత్వాన్ని గ్రహించి, మెచ్చి, విలువ కట్టగలవానికి ఉపకరించేది భావయిత్రి. ఈ రెండవది లేకపోతే కవి పడిన శ్రమ కాయని చెట్టువలె మిగిలిపోతుందని ఆయన భావం. అదే గ్రంథంలో శిష్యులను కూడ వర్గీకరించాడు. స్వభావంచేతనే శాస్త్రాన్ని అందుకొనేవాడు బుద్ధిమంతుడు. అభ్యాసంచేత అందుకొనేవాడు ఆహార్యబుద్ధి. మూడవవాడు దుర్బుద్ధి. పండిత పరీక్షకోసం కంఠస్థం చేసిన ఈ విభాగాలు, తరువాత బడిపిల్లల మధ్య గడిపిన సంవత్సరాలలో నాకు అలంకారశాస్త్రంగా కాక విద్యాశాస్త్రంగా కనబడసాగాయి.

ఇప్పుడు "ప్రతిభావంతులైన బాలల విద్య" అన్నది ప్రపంచమంతటా ఒక ప్రత్యేక శాస్త్రంగా ఎదిగింది. దానిలో ప్రధానమైన మార్గాలు మూడు. చురుకైన పిల్లవాణ్ణి వయస్సుతో నిమిత్తం లేకుండా పై పాఠానికి పంపడం మొదటిది. అదే తరగతిలో ఉంచి, అదే విషయాన్ని లోతుగా, విస్తారంగా నేర్పడం రెండవది. అటువంటి పిల్లలందరినీ ఏరి ఒకచోట చేర్చి చదివించడం మూడవది. ఈ మూడింటికీ మన తెలుగునాట చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను ఒకసారి తిరగవేస్తే తేలే విషయం ఒక్కటే. మనకు కారయిత్రికి ఎన్నడూ కొదవ లేదు. కొరత వచ్చినదల్లా భావయిత్రికే.

ముందుగా వీధిబడిని చూద్దాం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, దేశీయ పాఠశాలల స్థితిగతులు తెలుపవలసినదిగా జిల్లా కలెక్టర్లను కోరాడు. 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. ఆనాటి బళ్ళారి జిల్లాలో తెలుగు, కన్నడం రెండు భాషలలోనూ బడులు నడిచేవి. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారు. బడిలో సాధారణంగా నాలుగు తరగతులు ఉండేవనీ, పిల్లవాడు తన శక్తినీ, తాను సాధించిన ప్రగతినీ బట్టి ఒకదానినుండి మరొకదానికి వెళ్ళేవాడనీ కాంబెల్ వ్రాశాడు. పై తరగతివారు క్రింది తరగతివారికి చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకొన్నాడు. ఇంగ్లండు దానిని అనుకరించడం సముచితమేనన్నాడు. మద్రాసులోని అనాథ బాలుర శరణాలయంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే స్వదేశానికి తీసుకొని వెళ్ళాడు. అక్కడ దానికి "మద్రాసు పద్ధతి" అనే పేరే స్థిరపడింది.

ఇక్కడ గమనించవలసినది, ఆ బడిలో వయస్సు తరగతిని నిర్ణయించలేదు. ఆరునెలలలో నేర్చినవాడు ఆరునెలలకే, రెండేళ్ళు పట్టినవాడు రెండేళ్ళకే పైకి పోయేవాడు. అందరినీ ఒకే జూన్ నెలలో చేర్చుకొని, ఒకే ఏప్రిల్ నెలలో పైకి పంపే బడి తరువాత వచ్చినది. 2009 విద్యాహక్కు చట్టం కూడ, బడికి దూరమైన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొమ్మన్నది. వెనుకబడిన బిడ్డకు అది మేలు చేసే నియమమే. ముందుకు దూకగల బిడ్డ విషయంలో మాత్రం మన వ్యవస్థ ఏమీ చెప్పలేదు.

అయితే వీధిబడిని స్వర్ణయుగంగా వర్ణించడం న్యాయం కాదు. పేదరికంవల్ల అనేకులు పిల్లలను బడికి పంపలేకపోతున్నారని కాంబెల్ నివేదికలోనే ఉన్నది. మన కోనసీమ అగ్రహారాలలో వారాలు చేసుకొని చదువుకొన్న విద్యార్థుల కథలు మనందరికీ తెలిసినవే. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం మరొక ఇల్లు. ఊరు ఊరంతా ఒక పేద విద్యార్థికి అన్నం పెట్టి చదివించడం గొప్ప ఏర్పాటే. కాని ఆ ఇళ్ళ అరుగులమీద కూర్చొనే అర్హత ఎవరికి ఉండేది? ఆడపిల్లకు లేదు. మాలపల్లె బిడ్డకు లేదు. చెట్టు ఎక్కడ మొలిచినా చెట్టే. చూచే కన్ను మాత్రం కొన్ని పెరళ్ళలోకే తొంగిచూచింది.

ఇప్పుడు మా తాటిపాక చుట్టుప్రక్కల పుట్టిన ముగ్గురి కథ చెబుతాను. ముగ్గురూ లోకప్రసిద్ధులే. కాని "ఈ బిడ్డను మొదట చూచినదెవరు?" అనే ప్రశ్నతో వారి జీవితాలను పరిశీలించినవారు తక్కువ.

మొదటివారు శంకరగుప్తంలో 1930 జూలై 6న జన్మించిన మంగళంపల్లి మురళీకృష్ణ. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు, తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించేవారు. బిడ్డ పసికందుగా ఉండగానే తల్లి కన్నుమూసింది. పిల్లవాని గొంతులోని సంగీతాన్ని గుర్తించిన తండ్రి, అతణ్ణి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి అప్పగించాడు. పంతులుగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందినవారు. సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి శిష్యులు. ఎనిమిదేళ్ళ వయస్సులో విజయవాడలోని ఒక ఆరాధనోత్సవంలో ఆ బాలుడు పూర్తి కచేరీ చేశాడు. ఆ సభలో ఉన్న ఒక హరికథా భాగవతారు అతని పేరుకు ముందు "బాల" అని చేర్చాడు. ఆ పేరే బాలమురళీకృష్ణగా నిలిచిపోయింది. పదిహేనేళ్ళు వచ్చేసరికి డెబ్బదిరెండు మేళకర్త రాగాలలోనూ ఆయన కృతులు రచించారు. అవి తరువాత "జనకరాగ మంజరి"గా వెలువడ్డాయి.

ఈ కథలో పొగడవలసినది బాలుణ్ణి మాత్రమే కాదు. ఎనిమిదేళ్ళవానికి ఆస్థాన విద్వాంసులు కూర్చొనే వేదికను అప్పగించిన గురువుగారిని కూడ పొగడాలి. "ఇంకా చిన్నవాడవు, నీ వంతు వచ్చేదాకా ఆగు" అని అనడం ఎంత తేలిక! ఆ మాట అనకపోవడమే భావయిత్రి. బాలమురళిగారి పాఠశాల చదువు తొందరగానే ఆగిపోయినది. గురుకులం ఆ లోటు కొంత పూరించింది. బడి, గురువు, రెండూ కలసి ఒక బిడ్డను పెంచే మార్గం ఆనాడు లేదు. ఏదో ఒకదానిని వదులుకొనవలసి వచ్చేది. ఈనాటికీ ఆటలోనో పాటలోనో ప్రజ్ఞ గల పిల్లల తల్లిదండ్రులకు ఈ సంకటం తప్పడం లేదు.

రెండవవారికోసం వశిష్ఠ గోదావరి దాటాలి. చించినాడ వంతెనమీదుగా అవతలికి పోతే పాలకొల్లు. అక్కడ 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ జన్మించాడు. తండ్రి దగ్గర ఉన్న మాండొలిన్ తీసి, ఆరేళ్ళ వయస్సులో తనంతట తాను వాయించడం మొదలుపెట్టాడు. తండ్రికి సంగీతం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజుగారే కొడుకుకు కూడ గురువయ్యారు. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారుల శిష్యులు. వారికి మాండొలిన్ వాయించడం రాదు. పైగా కర్ణాటక సంగీతంలో ఆ వాద్యానికి అప్పటికి స్థానమే లేదు. అయినా వారు పాడేవారు, పిల్లవాడు దానిని తంత్రులమీద పలికించేవాడు. గమకం ఎలా పట్టాలో, తీగ ఎక్కడ నొక్కాలో పిల్లవాడే వెదకుకొన్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ జరిగింది. 1998లో పద్మశ్రీ వచ్చినది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే ఆయన వెళ్ళిపోయారు.

ఉపాధ్యాయ శిక్షణ పొందే ప్రతివారికీ సుబ్బరాజుగారి కథ చెప్పాలని నాకు అనిపిస్తుంది. శిష్యునికి తెలిసినది తనకు తెలియకపోయినా గురువు గురువుగా ఉండగలడు. తనకు రాని వాద్యాన్ని నిషేధించకుండా, తనకు వచ్చిన సంగీతాన్ని దాచుకోకుండా, ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని పిల్లవాని తెలివికి వదిలిపెట్టారు. లెక్కల మాస్టారికంటె వేగంగా లెక్క చేసే పిల్లవాడు తరగతిలో ఉంటే మాస్టారికి కలిగే ఇబ్బంది మనకు తెలియనిది కాదు. ఆ ఇబ్బందిని దాటడానికి సుబ్బరాజుగారు చూపినదానికంటె మంచి దారి నాకు కనబడలేదు.

మూడవవారు మా ప్రక్కనే ఉన్న మామిడికుదురులో 1911 సెప్టెంబరు 19న పుట్టిన బోయి భీమన్నగారు. పేద దళిత కుటుంబం. బి.ఏ. చదివి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఉపాధ్యాయులుగా, పాత్రికేయులుగా పనిచేశారు. తరువాత రాష్ట్ర ప్రభుత్వ అనువాద శాఖకు సంచాలకులైనారు. 1973లో పద్మశ్రీ, 1975లో "గుడిసెలు కాలిపోతున్నాయ్" కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 2001లో పద్మభూషణ్ వారిని వరించాయి. స్వాతంత్ర్యానికి పూర్వమే వారు వ్రాసిన "పాలేరు" నాటకం ఊరూరా ఆడింది. పశువుల వెంట తిరిగే ఒక పాలేరు కుర్రవాడు చదువుకొని పెద్ద ఉద్యోగానికి ఎదగడం అందులోని కథ. ఆ నాటకం చూచి పిల్లలను పాలేరుతనం మాన్పించి బడికి పంపినవారు ఉన్నారని పెద్దలు చెప్పుకొంటారు.

ఆ నాటకాన్ని మనం సాధారణంగా సామాజిక నాటకమని అంటాము. నా దృష్టిలో అది ప్రతిభా గవేషణను గురించిన నాటకం కూడ. బాలమురళికి తండ్రి, శ్రీనివాస్‌కు తండ్రి గురువు ఇంటిలోనే దొరికారు. పాలేరు కుర్రవానికి ఆ వెలుగు బయటినుండి రావాలి. రాకపోతే అతని బుద్ధి గేదెలను లెక్కపెట్టడంలో, జమీందారు కొట్టులో ధాన్యం కొలవడంలో తీరిపోతుంది. అట్లా తీరిపోయినవారి పేర్లు చరిత్రలో ఉండవు. కనుక ప్రజ్ఞావంతుల చరిత్ర వ్రాసేటప్పుడు మనం వ్రాసేదంతా దొరికినవారి చరిత్రే.

పాశ్చాత్య దేశాలు ఈ చిక్కును పరీక్షతో విప్పాలని చూచాయి. 1905లో ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే, సైమన్‌తో కలసి బుద్ధిపరీక్షను తయారుచేశాడు. చదువులో ప్రత్యేక సహాయం కావలసిన పిల్లలను గుర్తించడం ఆయన ఉద్దేశం. అమెరికాలో లూయిస్ టెర్మన్ దానినే మెరికలను ఏరడానికి మలచుకొన్నాడు. 1921లో కాలిఫోర్నియాలో సుమారు 1500 మంది బాలలను ఎంపికచేసి, జీవితాంతం వారి ప్రగతిని పరిశీలించే పని మొదలుపెట్టాడు. ఆ పరీక్షలో గీత దాటలేక జారిపోయిన ఇద్దరు బాలురు విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్. మొదటివానికి 1956లో, రెండవవానికి 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చినది. జల్లెడ ఎంత సన్ననిదైనా, జారిపోకూడనిది జారిపోవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

మన ప్రక్కనే శ్రీనివాస రామానుజన్ ఉదాహరణ ఉన్నది. గణితం తప్ప తక్కిన విషయాలలో తప్పి, ఎఫ్.ఏ. పట్టా లేకుండా తిరుగుతున్న యువకుడు 1910 చివరలో తన నోటుపుస్తకాలతో వెళ్ళి కలుసుకొన్నది నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారిని. ఆయన ఆ యువకునికి నెలకు ఇరువదియైదు రూపాయలు తన చేతినుండి ఇవ్వసాగారు. పరీక్ష తప్పించినవానిని ఒక మనిషి కన్ను పట్టుకొన్నది.

ఇక మన ప్రభుత్వాలు చేసిన ప్రయత్నం. 1971 నవంబరు 23న, పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా, నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రంలోని తొలి గురుకుల పాఠశాల ప్రారంభమయింది. ఆ ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. మరుసటి ఏడు కోస్తాలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్ళి గురుకులాలు వెలిశాయి. పల్లెటూళ్ళలోని తెలివైన పేదపిల్లలకు చదువు, తిండి, వసతి ఒకేచోట ఉచితంగా ఇవ్వాలన్నది ఆలోచన. ఒక విధంగా ఇది పాత వారాల చదువే. అన్నం పెట్టేది ఏడు ఇళ్ళు కాక ప్రభుత్వం. కూర్చొనే అరుగుకు కులం అడ్డు లేదు. ఈ మార్పు చిన్నది కాదు.

చిత్రమేమంటే సరిగ్గా ఆ 1971లోనే అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ గణిత ప్రజ్ఞ గల బాలల అధ్యయనాన్ని ప్రారంభించాడు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకు కళాశాల ప్రవేశానికి పెట్టే పరీక్ష పెట్టి, ఎవరు ఎంతదూరం పోగలరో చూచి, అంతదూరం పోనివ్వడం ఆయన పద్ధతి. కాంబెల్ బళ్ళారిలో చూచిన "శక్తిని బట్టి పై తరగతి"కి ఇది కొత్త రూపం. స్టాన్లీ మొదటి మార్గాన్ని, సర్వేలు మూడవ మార్గాన్ని ఎన్నుకొన్నాయి.

పి.వి.గారు 1985లో కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయినారు. 1985–86లో తొలి నవోదయ విద్యాలయాలు తెరిచారు. 1986 జాతీయ విద్యావిధానం వానికి శాశ్వత రూపం ఇచ్చినది. ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాకు పెద్దాపురంలో నవోదయ వచ్చినది. ఆరవ తరగతిలో ప్రవేశం. కనీసం నూటికి డెబ్బదియైదు సీట్లు గ్రామీణ బాలలకు, మూడవ వంతు ఆడపిల్లలకు. తొమ్మిదవ తరగతిలో కొందరు పిల్లలను వేరే భాషాప్రాంతంలోని విద్యాలయానికి ఒక ఏడాది పంపే ఏర్పాటు కూడ ఉన్నది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వెలిసింది. అక్కడ వేరే ప్రవేశపరీక్ష లేకుండా పదవ తరగతి మార్కులనుబట్టే చేర్చుకొనే పద్ధతి పెట్టారు. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి కొంత కలుపు ఇచ్చారు. ఒకే మార్కు వెనుక రెండు రకాల శ్రమ ఉండవచ్చునని అంగీకరించిన నియమమిది. నాకు అది చాలా నచ్చినది.

వీటన్నిటివల్ల లబ్ధి పొందినవారు ఎందరో. అయినా ఒక సందేహం మిగులుతుంది. నవోదయ పరీక్షకు అయిదవ తరగతి పిల్లలకు శిక్షణ ఇచ్చే కేంద్రాలు ఈనాడు పట్టణాలలోనే కాక పెద్ద గ్రామాలలో కూడ ఉన్నవి. పదేళ్ళ బిడ్డ ఆట మానుకొని మానసిక సామర్థ్య ప్రశ్నలు వల్లెవేస్తున్నది. అప్పుడు ఆ పరీక్ష కొలిచేది ప్రతిభనా, శిక్షణకు రుసుము కట్టగల స్తోమతునా? 1963లో మొదలైన జాతీయ విజ్ఞాన ప్రతిభా అన్వేషణ 1976నుండి అన్ని విషయాలకు విస్తరించి, దశాబ్దాలపాటు విద్యార్థులకు వేతనాలిచ్చింది. అది 2021నుండి నిలిచిపోయింది. దాని స్థానంలో అంత విస్తృతమైనది మరొకటి రాలేదు.

2020 జాతీయ విద్యావిధానం రెండవ మార్గంవైపు మొగ్గింది. ప్రత్యేక ప్రతిభ గల పిల్లలను బడిలోని ఉపాధ్యాయులే గుర్తించి, అదనపు పాఠ్యంతో, సంఘాలతో, ఒలింపియాడ్‌లతో ప్రోత్సహించాలన్నది. బి.ఇడి.లో అటువంటి బాలల విద్యను ప్రత్యేక విషయంగా చదివే వీలు కల్పించవచ్చునన్నది. కాగితంమీద మంచి మాట. రాజశేఖరుని పరిభాషలో చెప్పాలంటే, భావయిత్రిని శిక్షణ కళాశాలలో నేర్పవచ్చునని ప్రభుత్వం అన్నదన్నమాట. కాని రెండు తరగతులకు ఒక్కరే ఉపాధ్యాయులున్న బడిలో, రిజిస్టర్లు, హాజరు, లెక్కల మధ్య ఆ కన్ను తెరిపి చేసుకొనేది ఎప్పుడు?

ఆడపిల్లల మాట మరచిపోరాదు. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే చదరంగంలో గ్రాండ్‌మాస్టరు అయినది. ఆమెకు తొలి గురువు తండ్రి అశోక్‌గారే. ఆమె ప్రజ్ఞ ఎంత గొప్పదో, ఆయన చూపు అంత గొప్పది. ఆ చూపు లేని ఇంటిలో పుట్టిన హంపి ఎవరో మనకు తెలియదు.

తరగతిలో నేను గమనించిన ఒక విషయం చెప్పి ముగిస్తాను. ప్రతిభ గల పిల్లలు అందరూ మొదటి ర్యాంకువారు కారు. పాఠం త్వరగా అర్థమై, తరువాత ఏమీ చేయడానికి లేక ప్రక్కవానితో మాట్లాడి తిట్లు తినేవారు కొందరు. ఛందస్సు చెబితే గణవిభజనను లెక్కలాగ చేసి చూపి, వ్యాసం అడిగితే రెండు వాక్యాలు వ్రాసేవారు కొందరు. అడగవలసిన ప్రశ్న అడిగి, "ఎక్కువ మాట్లాడకు" అనిపించుకొని, మరి అడగడం మానివేసేవారు కొందరు. అటువంటివారికి కావలసినది ప్రత్యేక విద్యాలయమే కానక్కరలేదు. ఒక గ్రంథాలయం తాళంచెవి చాలు. పై తరగతి పుస్తకం ఒకటి చాలు. "నాకు తెలియదు, చూచి రేపు చెబుతాను" అనగల మాస్టారు ఒక్కరు చాలు.

బ్లాగు మిత్రులకు ఒక విన్నపం. మీ ఊళ్ళలో ఎవరి బిడ్డ ఎంత గొప్పవాడయ్యాడో వ్రాస్తూనే ఉన్నారు. ఈసారి ఆ బిడ్డను మొదట చూచినవారి సంగతి వ్రాయండి. పాఠం చెప్పినవారో, పుస్తకం ఇచ్చినవారో, రుసుము కట్టినవారో, పొలంనుండి పిలుచుకొని వచ్చి బడిలో కూర్చోబెట్టినవారో. సుబ్బరాజుగారివంటివారు ప్రతి తాలూకాలోనూ ఒకరైనా ఉండి ఉంటారు. వారు ఎట్లా చూచారో తెలిస్తే, ఇప్పుడు తరగతి గదిలో నిలబడే చిన్న మాస్టార్లకు అంతకు మించిన శిక్షణ ఉండదు.

స్వస్తి.